సముద్రం పక్కన లీటర్ బైక్: గాజువాక తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గాజువాకలో ఇల్లు, రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం, రానూపోనూ రోజుకి దాదాపు అరవై కిలోమీటర్లు. హైదరాబాద్‌లో 2019 మోడల్ వెయ్యి సీసీ స్పోర్ట్స్ బైక్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూశావు. 14,000 కిలోమీటర్లు తిరిగిందట, పది లక్షలు అడుగుతున్నారట. అలాంటి బండిని రోజూ ఆఫీసుకి తీసుకెళ్తే తట్టుకుంటుందా, దారిలో ఆగిపోతుందా, ఏడాదికి ఎంత ఖర్చవుతుంది అని అడిగావు. అమ్మ భయపడుతోందని కూడా రాశావు.

నేను ఇదే వైజాగ్‌లో పన్నెండేళ్లుగా నాలుగు సిలిండర్ల లీటర్ బైక్, అంటే వెయ్యి సీసీ బండి, నడుపుతున్నాను. కొత్తదే కొన్నాను, మీటర్ ఇప్పుడు 61,000 దాటింది. ఇన్నేళ్లలో పిస్టన్, క్రాంకు దాకా వెళ్లే పని ఒక్కసారి కూడా పడలేదు. అయినా నాలుగుసార్లు రోడ్డు మీద నిలబడిపోయాను. ఒకసారి బ్యాటరీ, ఒకసారి కరెంటు కనెక్టర్, ఒకసారి సైడ్ స్టాండ్ స్విచ్, ఒకసారి వెనక టైర్ పంక్చర్. అందరూ ఇంజిన్ గురించి అడుగుతారు. నన్ను రోడ్డు మీద నిలబెట్టినవన్నీ వంద రూపాయల నుంచి అయిదారు వేల లోపు వస్తువులే. పంక్చర్ తప్ప మిగతా మూడింటికీ మూలం ఒకటే: ఉప్పుగాలి తగిలేచోట బండిని చూసుకోకుండా వదిలేయడం.

ముందు ఇంజిన్ సంగతి తేల్చేస్తాను. 200 హెచ్‌పీ ఇంజిన్ కదా, త్వరగా అరిగిపోతుందేమోనని అనుకుంటాం. లెక్క చూడు. హైవే మీద 80లో వెళ్లడానికి పది హెచ్‌పీ కూడా అక్కర్లేదు. ఆ వేగంలో ఆరో గేరులో ఇంజిన్ సుమారు మూడున్నర వేల ఆర్‌పీఎం మీద తిరుగుతుంది. దాని రెడ్‌లైన్, అంటే ఇంజిన్ తిరగగల గరిష్ఠ హద్దు, 13, 14 వేల దగ్గర ఉంటుంది. అంటే మన వాడకంలో ఆ ఇంజిన్ ఎప్పుడూ తన బలంలో చిన్న ముక్కే ఖర్చు పెడుతుంది. ఆయిల్ సరిగ్గా మారుస్తూ, కూలెంట్ చూసుకుంటూ ఉంటే లక్ష కిలోమీటర్లు తిరిగినా ఆశ్చర్యం లేదు. లోపాలు అసలు రావని కాదు. 2015లో వచ్చిన కొత్త ఆర్‌1 గేర్‌బాక్స్ విషయంలో యమహా రీకాల్ (లోపం సరిచేయడానికి అమ్మిన బండ్లని కంపెనీ వెనక్కి పిలవడం) చేయాల్సి వచ్చింది. అందుకే ఏ బండి చూసినా దాని ఛాసిస్ నంబర్‌తో రీకాల్ ఏదైనా ఉందా, ఆ పని చేయించారా అని కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగాలి. ఫోన్‌లో తేలే పని.

అసలు ఇబ్బంది మన గాలితోనే. వైజాగ్‌లో పుట్టినవాడికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. పెదవాల్తేరులోనో లాసన్స్ బేలోనో ఇల్లున్నవాళ్లని అడుగు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ ఎన్నేళ్లు వచ్చిందో, కిటికీ గ్రిల్లుకి ఎన్నిసార్లు రంగు వేయించారో చెబుతారు. బైక్‌కి కూడా అదే జరుగుతుంది, కానీ ఫెయిరింగ్ (బండి పక్కలుండే ప్లాస్టిక్ తొడుగు) కింద జరుగుతుంది కాబట్టి కంటికి కనపడదు. మొదట నాలుగేళ్లు నేను జోడుగుళ్లపాలెంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఉన్నాను. తర్వాత పెందుర్తి వైపు మారాం. ఒకే బండి, ఒకే మనిషి, ఒకే అలవాట్లు. అక్కడ ఆరు నెలలకి తుప్పు పట్టిన బోల్టు ఇక్కడ మూడేళ్లయినా మెరుస్తూనే ఉంది. నీది గాజువాక కాబట్టి బీచ్ రోడ్డు అంత ఘోరం కాదు గానీ, నీకు ఇంకో సమస్య ఉంది. పోర్టు, ఫ్యాక్టరీల వైపు దుమ్ము ఎక్కువ. ఆ నల్లటి పొడి చైన్ మీద, రేడియేటర్ రెక్కల్లో, ఎయిర్ ఫిల్టర్ మీద కూర్చుంటుంది. కంపెనీ పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే ఫిల్టర్ తీసి చూసుకోవాలి. రేడియేటర్ రెక్కల్ని పళ్లు తోముకునే మెత్తటి బ్రష్‌తో, మామూలు పైపు నీళ్లతో కడగాలి. ప్రెషర్ గన్ పెడితే ఆ రెక్కలు వంగిపోతాయి.

కనెక్టర్ కథ కాస్త వివరంగా చెబుతాను, నువ్వు కొనబోయే బండికి కూడా పనికొస్తుంది. 2017లో ఒక ఆదివారం సాయంత్రం భీమిలి వెళ్లి, తగరపువలస మీదుగా తిరిగి వస్తున్నాను. హెడ్‌లైట్ కాస్త మసకబారినట్టు అనిపించింది. చీకటి పడుతోంది కదా, నా కళ్లకే అలా ఉందనుకున్నాను. ఇంకో నాలుగు కిలోమీటర్లకి మీటర్‌లో ఏబీఎస్ లైటు వెలిగింది, తర్వాత సూది ఒక్కసారి సున్నాకి పడి లేచింది, ఆ తర్వాత బండి దగ్గు వచ్చినట్టు రెండుసార్లు తన్ని ఆగిపోయింది. ఆనందపురం ఇంకా రాలేదు. సెల్ఫ్ కొడితే టిక్ టిక్‌మని రిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. బ్యాటరీ పోయిందనుకుని, మర్నాడు మినీ ట్రక్కులో ఆటోనగర్‌కి తెచ్చి కొత్త బ్యాటరీ వేయించాను. మూడు రోజుల్లో అదీ డౌన్ అయింది.

అప్పుడు మా మెకానిక్ అన్న మల్టీమీటర్ తెచ్చి బ్యాటరీ మీద పెట్టాడు. ఇంజిన్ ఆపి ఉంటే 12.1. స్టార్ట్ చేసి అయిదు వేల ఆర్‌పీఎంకి లేపితే 14 పైన చూపించాలి, అది 12.3 దగ్గరే ఆగిపోయింది. "బ్యాటరీది కాదు బాబూ, ఛార్జింగే రావట్లేదు" అన్నాడు. ఎడమ ఫెయిరింగ్ విప్పాం. స్టేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే భాగం) నుంచి మూడు పసుపు తీగలు వచ్చి ఒక తెల్లటి ప్లాస్టిక్ కనెక్టర్‌లో కలుస్తాయి. తెల్లగా ఉండాల్సిన ఆ కనెక్టర్ ఒక మూల కాలిన అప్పడంలా గోధుమరంగులోకి తిరిగి ముడుచుకుపోయింది. లాగితే రాలేదు, కరిగి అతుక్కుపోయింది. కోసి తీస్తే లోపల రాగి పిన్నుల మీద ఆకుపచ్చని పొడి, మన ఇళ్లలో పాత రాగి చెంబుకి పట్టే చిలుమే. జరిగింది ఇదీ: చిలుము పట్టిన పిన్ను కరెంటుకి అడ్డుపడుతుంది, అడ్డుపడినచోట వేడి పుడుతుంది, వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది, పిన్ను ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఇలా నెలల తరబడి జరిగి ఒక రోజు తెగుతుంది. కొత్త కనెక్టర్, పిన్నులు కలిపి మూడొందల రూపాయలు కూడా కాలేదు. దాని కోసం ట్రక్కు, అనవసరంగా కొన్న బ్యాటరీ, హైవే పక్కన చీకట్లో గంటన్నర.

ఆ రోజు నుంచి ఏడాదికి ఒకసారి, వానాకాలం వెళ్లాక, ఫెయిరింగ్‌లు విప్పి ప్రతి కనెక్టర్‌నీ తీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, తేమని లోపలికి రానివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు సన్నగా రాసి పెడుతున్నాను. ఒక పూట పని. ఇంకో చిన్న వోల్ట్‌మీటర్‌ని హ్యాండిల్ దగ్గర పెట్టించుకున్నాను. నడుస్తున్నప్పుడు 13.8కీ 14.5కీ మధ్య ఉంటే నిశ్చింతగా వెళ్తాను. సైడ్ స్టాండ్ స్విచ్ కూడా ఇలాగే పోయింది. న్యూట్రల్‌లో బాగా తిరిగేది, గేరు వేయగానే ఆగిపోయేది. స్టాండ్ దగ్గర చేరిన ఇసుక, ఉప్పు కలిసి స్విచ్‌ని బిగదీశాయి, స్టాండ్ ఎత్తినా ఎత్తనట్టే కంప్యూటర్‌కి చెబుతోంది. తెలిస్తే రోడ్డు మీదే నీళ్లతో కడిగి, స్ప్రే కొట్టి వచ్చేయవచ్చు. తెలియక రెండు గంటలు నెట్టుకున్నాను.

బ్యాటరీ గురించి ఒక్కటే చెబుతాను. ఈ బండ్ల బ్యాటరీలు చిన్నవి, అలారం, ఇమ్మొబిలైజర్ (అసలు తాళం లేకుండా బండి స్టార్ట్ కానివ్వనిది), మీటర్ గడియారం ఎప్పుడూ కాస్తకాస్త తాగుతూనే ఉంటాయి. మూడు వారాలు కదపకుండా ఉంటే పోతుంది. సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ ఉంటే ఆటోమేటిక్ ట్రికిల్ ఛార్జర్ పెట్టుకో. లేకపోతే వారానికి ఒకసారి కనీసం ఇరవై కిలోమీటర్లు తిప్పు. నిలబెట్టి అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం మంచిది కాదు. సెల్ఫ్ తీసుకున్న కరెంటు తిరిగి రాదు, పైగా సరిగ్గా వేడెక్కని సైలెన్సర్‌లో నీరు చేరుతుంది.

ఇక బ్రేకులు. ఇక్కడ మాత్రం నేను రాజీ పడను, నువ్వూ పడకు. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కంపెనీలు సాధారణంగా రెండేళ్లకోసారి మార్చమంటాయి. మన ఊరి తేమకి నేను ఏడాదికోసారి మారుస్తాను. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. 2013లో సుజుకి తన జీఎస్‌ఎక్స్-ఆర్ బండ్లని, 2004 మోడల్ నుంచి ఉన్నవాటిని, ముందు బ్రేక్ మాస్టర్ సిలిండర్ కోసం రీకాల్ చేసింది. ఏళ్ల తరబడి ఫ్లూయిడ్ మార్చకపోతే అది తేమ పీల్చి పాడై, సిలిండర్ లోపలి పిస్టన్ తుప్పు పట్టి గ్యాస్ పుట్టి, లివర్ మెత్తబడే ప్రమాదం ఉందని కారణం చెప్పింది. ఏ కంపెనీ బండికైనా పాత ఫ్లూయిడ్ చెడ్డదే. రిజర్వాయర్ కిటికీలోంచి చూడు. పల్చటి తేనె రంగులో ఉంటే పర్వాలేదు, కాఫీ డికాషన్‌లా ఉంటే ఆ బండి ఎంత మెరుస్తున్నా యజమాని పట్టించుకోలేదని అర్థం. కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పిస్టన్ల చుట్టూ చేరే ఉప్పు, దుమ్ము కూడా ఆరు నెలలకోసారి ప్యాడ్లు తీసి శుభ్రం చేయించు. డిస్కు మీద మాత్రం ఏ తుప్పు స్ప్రే పడకూడదు. ఒక చుక్క పడినా బ్రేక్ క్లీనర్‌తో తుడిచాకే బండి ఎక్కు.

బీచ్ రోడ్డులో తిరిగిన రోజు సాయంత్రమే మంచినీళ్లతో కడుగు, మర్నాటికి వాయిదా వేయకు. బకెట్, మగ్గు, మెత్తటి గుడ్డ చాలు. కడిగాక పది నిమిషాలు తిప్పి, బ్రేకులు నాలుగుసార్లు వేసి, వేడి ఆరాక కవర్ కప్పు. ప్లాస్టిక్ కవర్ వద్దేవద్దు. అది తేమని లోపలే పట్టి ఉంచి బండిని రోజూ ఆవిరి పడుతుంది. గాలి ఆడే గుడ్డ కవర్ కొనుక్కో. ఇంకో మాట, సెల్లార్‌లో బండి పెడుతుంటే వర్షాకాలంలో అక్కడ నీళ్లు నిలుస్తాయా అని వాచ్‌మన్‌ని ఒకసారి అడుగు.

చైన్ అయిదారు వందల కిలోమీటర్లకోసారి శుభ్రం చేసి లూబ్ కొట్టాలి, వానలో తడిస్తే అదే రోజు. పెట్రోలుతో తుడవకు, అందులోని ఓ-రింగులు ఎండిపోతాయి. ఇంజిన్ ఆపి చేయి పెట్టు. స్టాండ్ మీద ఇంజిన్ తిరుగుతుండగా గుడ్డ పట్టుకుని చైన్ తుడవబోయి నాకు తెలిసిన కుర్రాడు చూపుడు వేలి కొన పోగొట్టుకున్నాడు. చక్రాన్ని చేత్తోనే తిప్పు.

పెట్రోల్ విషయం మారింది, అందుకే చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. నువ్వు చూసిన 2019 బండి బీఎస్4 (పాత పొగ నిబంధనల) కాలానిది, ఈ20కి అనుగుణంగా తయారు చేయడం 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన మాట. రోజూ తిరిగే బండికి దీంతో పెద్దగా ఇబ్బంది నేను చూడలేదు. సగం ట్యాంకుతో రెండు నెలలు నిలబెడితే మాత్రం ఇథనాల్ ట్యాంకులో ఉన్న గాలిలోంచి తేమని లాక్కుంటుంది, అడుగున నీరు, దాంతో తుప్పు. ఊరెళ్తే ట్యాంకు నిండా కొట్టించి వెళ్లు. రబ్బరు ఫ్యూయెల్ పైపులు గట్టిపడ్డాయా, పగుళ్లు ఉన్నాయా అని ఏడాదికోసారి చూపించు.

ఇంజిన్ ఆయిల్ ఏ కంపెనీదైనా ఫర్వాలేదు, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు, సాధారణంగా 10డబ్ల్యూ-40, డబ్బా మీద జాసో ఎంఏ2 (బైక్ ఆయిల్ ప్రమాణం) అని ఉండాలి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది, ఎందుకంటే మన బైకుల్లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) చూడాల్సిన గడువు కంపెనీని బట్టి 24,000 నుంచి 42,000 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ట్యాంకు, ఎయిర్‌బాక్స్ అన్నీ దింపాలి, రెండు రోజుల పని. చాలామంది దాటేస్తారు. నాకు మొదటిసారి చూసినప్పుడు రెండు ఎగ్జాస్ట్ వాల్వులు బిగుసుకుని ఉన్నాయి. బయటికి చప్పుడు ఏమీ లేదు. వాల్వ్ వదులైతే టక్‌టక్‌మని చప్పుడు వస్తుంది, బిగుసుకుంటే మాత్రం ఏ చప్పుడూ చేయకుండా కాలిపోతుంది. అందుకని చప్పుడు రావట్లేదు కదా అని ఊరుకోకూడదు.

నీ అసలు ప్రశ్నకి వస్తే, రోజూ ఆఫీసుకి ఇది వద్దు తమ్ముడూ. బండి తట్టుకుంటుంది. తట్టుకోలేనిది నువ్వు, నీ జేబు.

నీ దారి నాకు తెలుసు. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దాటి, మద్దిలపాలెం, ఇసుకతోట, హనుమంతవాక, ఎండాడ. ఉదయం తొమ్మిదికి మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర సిటీ బస్సుకీ, ఆటోకీ మధ్య ఇరుక్కుని నిలబడితే కూలెంట్ 95, 99, 103 అని ఎక్కుతూ పోతుంది. ఫ్యాన్ తిరగడం మొదలుపెడుతుంది, ఆ వేడిగాలి అంతా నీ తొడల మీదికి కొడుతుంది. మే నెలలో నల్ల ప్యాంటులో ఆ పది నిమిషాలు ఎలా ఉంటాయో ఒకసారి అనుభవిస్తే గాని తెలియదు. ఆ 103 చూసి టెన్షన్ పడకు, అది మామూలే. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూతలా ఒత్తిడి పట్టి ఉంచుతుంది కాబట్టి 100 దాటినా కూలెంట్ మరగదు. 105, 106 దగ్గర ఆగి దిగుతూ ఉంటే అంతా బాగున్నట్టే. 115 దాటి ఎక్కుతూనే ఉంటే పక్కకి తీసి ఆపు, వేడిగా ఉండగా మూత తీయకు. కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోసే మెకానిక్ దగ్గరికి మళ్లీ వెళ్లకు. మన ఊరి ఉప్పుబోరు నీళ్లు రేడియేటర్ లోపల గిన్నెకి పట్టినట్టు సున్నం పట్టిస్తాయి.

వంగి కూర్చునే బండి కాబట్టి నెమ్మదిగా వెళ్తున్నంతసేపూ ఒంటి బరువంతా మణికట్ల మీదే. వేగంలో గాలి ఛాతీని కాస్త ఎత్తిపడుతుంది, ట్రాఫిక్‌లో ఆ సాయం ఉండదు. ఆఫీసు చేరేసరికి మౌస్ పట్టుకోబుద్ధి కాదు.

ఖర్చు లెక్క నా పుస్తకంలోంచి రాస్తున్నాను, నీకు వెయ్యీ రెండు వేలు అటూఇటూ కావచ్చు. ఏడాదికి 5,000 కిలోమీటర్లు తిరిగే నాకు, లీటరుకి 15 వస్తుంది, 108 రూపాయల లెక్కన పెట్రోల్ 36,000. ఆయిల్, ఫిల్టర్, సర్వీస్ 14,000. టైర్లు ముందు 120, వెనక 190 సైజు, జత నలభై వేలు, ఎనిమిది వేల కిలోమీటర్లు వస్తాయి, అంటే ఏడాది వాటా 25,000. చైన్ స్ప్రాకెట్ వాటా 5,000. బ్రేక్ ప్యాడ్లు, ఫ్లూయిడ్లు 6,000. ఇన్సూరెన్స్ 28,000. మొత్తం లక్షా పద్నాలుగు వేలు. నువ్వు నెలకి పాతిక రోజులు ఆఫీసుకి తీసుకెళ్తే ఏడాదికి 18,000 కిలోమీటర్లు. సిటీలో లీటరుకి 14 వచ్చినా పెట్రోలే లక్షా ముప్పై తొమ్మిది వేలు. టైర్లు రెండు జతలు చాలవు, ఇంకో తొంభై వేలు. అన్నీ కలిపితే మూడు లక్షలు దాటుతుంది. అదే దూరం 125 సీసీ బండి మీద నలభై వేల పెట్రోలుతో అయిపోతుంది. నీ దగ్గర ఇప్పుడున్న చిన్న బండిని అమ్మకు. రెండూ ఉంచుకోగలిగితేనే పెద్దది కొను. అమ్మితే గాని డబ్బు సరిపోదంటే ఇంకో ఏడాది ఆగు.

రోజూ స్పోర్ట్స్ బండే కావాలని మనసు గట్టిగా ఉంటే, నింజా 650 లాంటి రెండు సిలిండర్ల బండి చూడు. 68 హెచ్‌పీ, నిటారుగా కూర్చోవచ్చు, వేడి తక్కువ, టైర్లు ఎక్కువ రోజులు వస్తాయి. నాకు తెలిసి ఇద్దరు స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులు దాన్ని రోజూ నడుపుతున్నారు. కొత్త పెద్ద బండి ఆలోచన ఉంటే, 350 సీసీ పైబడిన బైకులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం అయిందని గుర్తుంచుకో. అందుకే మంచి సెకండ్ హ్యాండ్ బండ్లకి గిరాకీ పెరిగింది, అమ్మేవాళ్లు తొందరపెడతారు. నువ్వు తొందరపడకు.

ఆ హైదరాబాద్ బండికి వద్దాం. ఒక రకంగా సముద్రం లేని ఊరి బండి కావడం మంచిదే. అమ్మే ఆయనతో ముందే చెప్పు, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి అన్నా" అని. వెళ్లగానే ఇంజిన్ కేసు మీద అరచేయి పెట్టి చూడు. వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్‌లో ఉన్న చప్పుడేదో నీ దగ్గర దాచాడని అనుకోవచ్చు. స్టార్ట్ చేశాక ఫ్యాన్ తిరిగేదాకా కదలకు, అది తిరిగి మళ్లీ ఆగేదాకా చూడు. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఫ్రేమ్‌కి తగిలేచోట స్టాపర్ నొక్కుకుపోయిందేమో చూడు, గట్టిగా పడిన బండికి అక్కడ గుర్తు ఉంటుంది. ఫెయిరింగ్ కొత్తది వేయగలరు, ఆ గుర్తుని దాచడం కష్టం. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. 14,000 తిరిగిన బండికి ఆ పాత టైర్లే ఇంకా ఉంటే, వాటిమీద అరుగుదల కనిపించకపోతే, మీటర్ మీద అనుమానం రావాలి. గీతలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ల టైరు గట్టిపడిపోయి ఉంటుంది, జత మార్చే నలభై వేలు ధరలో తగ్గించమను.

సైలెన్సర్ మార్చి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూన్ చేయించి, వెనక మడ్‌గార్డ్ తీసి తీగలు కోసి అతికించిన బండి అయితే నేను వెనక్కి వచ్చేస్తాను. కోసిన తీగ హైదరాబాద్‌లో అయిదేళ్లు వస్తుంది, మన దగ్గర రెండు వానాకాలాలకి చిలుము పడుతుంది. స్పేర్ తాళం అడుగు, ఇమ్మొబిలైజర్ తాళాలు చేయించడం చాలా ఖరీదు. లోన్ ఉందా, చలాన్లు ఉన్నాయా అని నంబర్‌తో చూసుకో. తెలంగాణ నుంచి ఏపీకి మార్చాలి కాబట్టి 29, 30 ఫారాల మీద సంతకాలతో పాటు ఫారం 28 ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకు. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, ఆ మొత్తం ఆర్టీఓ ఆఫీసులో ముందే కనుక్కుని బేరంలో కలుపుకో. ఆ కంపెనీకి వైజాగ్‌లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో స్వయంగా వెళ్లి చూడు. బోర్డు ఉంటే చాలదు, నీ మోడల్‌కి డయాగ్నస్టిక్ టూల్ ఉందా, ఆయిల్ ఫిల్టర్ స్టాకులో ఉందా అని అడుగు. లేకపోతే చిన్న సెన్సర్ కోసం 620 కిలోమీటర్లు హైదరాబాద్‌కి బండి ఎక్కించాలి. ఒకసారి సర్వీస్‌కి ఇచ్చిన బండికి కాలిపర్ బోల్టు ఒకటి వదులుగా బిగించి పంపారు నాకు. అప్పటి నుంచి టార్క్ రెంచ్ (బోల్టుని సరైన బిగువుకి బిగించే పానా) కొనుక్కుని, ఎక్కడ పని చేయించినా ఇంటికొచ్చాక బోల్టులు నేనే ఒకసారి చూసుకుంటాను.

అమ్మ భయం గురించి. అది తీసిపారేసేది కాదు. ఈ బండి మొదటి గేరులోనే 140 దాటుతుంది. మన నాలుగు లైన్ల హైవే మీద బైక్‌కి పరిమితి 80. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ నీ తప్పుని కాస్త సర్దుతాయి గానీ, తగరపువలస దగ్గర డివైడర్ సందులోంచి రోడ్డు దాటే గేదెని ఆపలేవు. బీచ్ రోడ్డు వంపుల్లో గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పలచగా పరుచుకుని ఉంటుంది, హెడ్‌లైట్‌లో తారు లాగే కనిపిస్తుంది. అరకు ఘాట్‌లో ఎస్.కోట దాటాక మలుపులన్నీ మొదటి రెండు గేర్లలోనే. అక్కడ వర్షానికి కొట్టుకొచ్చిన కంకర, మలుపు మధ్యలో ఎదురయ్యే బస్సు. ఆ దారిలో నా బండికంటే చిన్న బండి వేసుకెళ్లిన రోజే నేను ఎక్కువ ఆనందపడ్డాను. ఈ బండి అసలు బలం తెలుసుకోవాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో శిక్షణ తరగతులు జరుగుతాయి, ఒకసారి వెళ్లు. నేను అయిదేళ్లు నడిపాక వెళ్లాను. బ్రేక్ పట్టడం నాకు రాదని మొదటి రోజే తెలిసింది. కొన్న మొదటి ఏడాదే వెళ్లి ఉండాల్సింది. బండి కొనే ముందే మంచి హెల్మెట్, గాలి ఆడే మెష్ జాకెట్, గ్లవ్స్, బూట్లకి యాభై వేలు పక్కన పెట్టు. మన ఉక్కపోతకి మెష్ అయితేనే రోజూ వేసుకుంటావు.

నా వాడకం చెబుతాను. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి టైర్లలో గాలి చూస్తాను, చైన్ ఒకసారి తిప్పి చూస్తాను. ఆర్‌కే బీచ్ దగ్గర వాకర్స్ కోసం రోడ్డు మూసేస్తారు కాబట్టి అటు వెళ్లను. పెందుర్తి నుంచి సబ్బవరం, అనకాపల్లి వైపు ఆరు లైన్ల రోడ్డు ఎక్కి, టిఫిన్ చేసి, ఎండెక్కేలోపు ఇంటికి వచ్చేస్తాను. వారానికి వంద కిలోమీటర్లు. బ్యాటరీ నిండుతుంది, ఆయిల్ బాగా వేడెక్కి లోపలి తేమ ఆరిపోతుంది, నా మనసు మిగతా ఆరు రోజులకి సరిపడా తేలికపడుతుంది.

హైదరాబాద్ బయలుదేరే ముందు ఒక పని చెయ్యి. అమ్మే ఆయన్ని ఎడమ ఫెయిరింగ్ విప్పి స్టేటర్ కనెక్టర్ ఫోటో, ముందు బ్రేక్ రిజర్వాయర్ ఫోటో, టైర్ల మీద నాలుగంకెల ఫోటో పంపమని అడుగు. పంపితే నాకూ చూపించు, ఏ రోజైనా సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగానే ఉంటాను. విప్పడం కుదరదంటే టికెట్ బుక్ చేయకు.